దాచింది ఎవరి నుంచి?

పదకొండుకు పది నిమిషాలుందనగా ప్రేమలత ఫోన్ చేసింది. ఏడవడం లేదు. ఏడుపంతా అయిపోయాక మిగిలే పొడి గొంతుతో మాట్లాడుతోంది.

“టీచరమ్మా, మీరు జర లాడ్జి కాడికి రాండ్రి. నేను బంగారం తీసిన్నంటున్నరు.”

“ఎవరంటున్నారు?”

“ఉదయభాస్కర్ సారు. పన్నెండు కాంగనే నా ఫోటో గ్రూపుల పెడ్తడంట.”

ఆ మాట వినగానే నేను చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాను. ఎయిర్‌పోర్టు రోడ్డు మీది లాడ్జీల వాళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ‘జాగ్రత్త’ అని ఒకసారి ఫోటో పడిందంటే, ఆ మనిషికి శంషాబాద్‌లో గది ఊడ్చే పని ఇక దొరకదు. పోలీసులు పట్టుకెళ్తే బెయిలు వస్తుంది. ఆ గ్రూపులో పడితే బెయిలు లేదు. ప్రేమలత భర్త పోయి ఆరేళ్లయింది. ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ చీపురు మీదే నడుస్తోంది.

నా సంగతీ చెప్పాలి. పేరు లలితకుమారి. పుట్టింది భీమవరం పక్కన, ఉద్యోగం చేసింది శంషాబాద్‌లో. ఇరవై ఆరేళ్లు ఇక్కడి బళ్లో ఇంగ్లీషు చెప్పి, రిటైరై, బస్టాండు వెనక జిరాక్స్ షాపు మేడ మీద డిటెక్టివ్ ఆఫీసు పెట్టాను. మొదటి ఏడాది వచ్చినవాళ్లలో సగం మంది పాస్‌పోర్టు ఫారాలు నింపించుకోవడానికే వచ్చారు. నింపాను. ఫారం నింపేటప్పుడు మనిషి ఎక్కడ ఆగి ఆలోచిస్తాడో చూస్తే, వాడు దాచేదేమిటో తెలిసిపోతుంది.

ఉదయభాస్కర్ నా తొమ్మిదో తరగతి విద్యార్థి, హాజరు పట్టీలో ఇరవై మూడో నంబరు. ఇప్పుడు సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడు. ఎనిమిది లాడ్జీల కాంట్రాక్టు, సొంత జీపు, నల్లకళ్లద్దాలు. ఊళ్లో నన్ను ‘పాత సిలబస్’ అంటాడని విన్నాను. నాకేం కోపం లేదు. కొంచెం ఉంది.

స్కూటర్ మీద పదకొండుకల్లా లాడ్జిలో ఉన్నాను. ముందు హాల్లో ప్రేమలత గోడవారగా నిలబడి ఉంది. ఉదయభాస్కర్ సోఫాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. లేచినందుకు వెంటనే మొహం మాడ్చుకున్నాడు.

“టీచర్, ఇది మీ కేసు గాదు. లాడ్జి నాకు అప్పజెప్పింది.”

“సరే, నువ్వే చెప్పు. టైములతో సహా.”

గొంతు సవరించుకున్నాడు. పాఠం అప్పజెప్పడానికి లేచిన పిల్లవాడి గొంతే.

“104ల కుర్మయ్య, తారాబాయి. మొగుడు పెండ్లాలు. కందుకూరు దిక్కు పల్లె. ఇయ్యాల మూడు గంటల పుణె ఫ్లైటు.”

“ఎప్పుడు దిగారు?”

“నిన్న సాయంత్రం.”

“పాతిక కిలోమీటర్ల దూరానికా?”

“ఫస్ట్ టైం ఫ్లైటు టీచర్. వదిలిపెట్టి పోతదేమోనని భయం.” మా ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఇద్దరం ఆపుకున్నాం. “పొద్దుగాల 9:10కి పెద్ద సంచి తూకం వేసుకోనీకి ఇద్దరు వరండలకొచ్చిన్రు. చిన్న సంచి గదిలనే ఉంది. 9:12కి ప్రేమలత ఊడ్వనీకి లోపలికి పోయింది. 9:27కి బయటికొచ్చింది. 9:30కి వాళ్లు వాపస్. పదింటికి ఆమె లొల్లి, చిన్న సంచిల పెట్టిన బంగారు గుండ్ల పేరు, మెడల ఏసుకునే దండ, లేదని. పదిహేను నిమిషాలు గదిల ఒక్కతే ఉన్నది. ఇగ ఇంకేం కావాలె?”

“బంగారం కావాలి. దొరికిందా?”

“లేదు.”

“ప్రేమలతను వెతికించారా?”

“ఆడ స్టాఫ్ చూసిన్రు. లేదు.”

“కాంపౌండు దాటిందా?”

“దాటలె. కెమెరా ఉంది.”

“మరి గుండ్లు మింగిందంటావా?”

అతను వాచీ చూసుకున్నాడు. “పన్నెండు దాక ఆగుత టీచర్. మీ మీద రెస్పెక్టుతోటి.”

104లో మంచం అంచున తారాబాయి కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి, చేతినిండా మట్టిగాజులు. కుడిచెయ్యి కొంగులో దాచుకుని ఉంది. కిటికీ దగ్గర కుర్మయ్య, భుజాన తెల్ల తువ్వాలు. తువ్వాలు కొసన చిన్న ఎర్రమరక. మనిషి పొలం గట్టు మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు.

“గుండ్ల పేరు ఎవరిదమ్మా?” అని అడిగాను.

“మా అవ్వది. నా పెండ్లప్పుడు ఇచ్చింది.”

“ఎక్కడ పెట్టారు?”

“గా చిన్న ఎర్ర సంచిల. ముందట జిప్పుల.”

“అసలు అదెందుకు తెచ్చినవ్?” అని కుర్మయ్య అడ్డం వచ్చాడు. “బీరువల ఉండాలె గద.”

“మెడల ఏసుకుందామని.”

“మెడల ఏసుకునేది మెడల ఉండాలె. సంచిల ఎందుకుంటది?”

ఆయన అడిగింది సరైన ప్రశ్నే. డిటెక్టివ్ పని అందరూ చేయగలరు, ఫీజు ఒక్కటే తేడా. తారాబాయి నా వైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే ఒక మాట అంది.

“ఆ పిల్ల తియ్యలె. నాకు ఎర్కే. ఆమెను వదిలిపెట్టమనుండ్రి.”

నేను నోట్‌బుక్కు మూసేశాను. సొమ్ము పోయినవాళ్లు పక్కింటి పిల్లి మీద కూడా అనుమానపడతారు. ఈమె, గదిలో పదిహేను నిమిషాలు ఒంటరిగా ఉన్న మనిషిని పట్టుకుని తియ్యలేదని గట్టిగా చెబుతోంది. ఎలా తెలుసు?

“పుణెలో ఎవరున్నారు?” అని కుర్మయ్యను అడిగాను.

“నా బిడ్డ కీర్తన. మూడేండ్ల కింద కోస్తా పిలగాన్ని చేసుకున్నది, మాకు చెప్పకుంట. నా ఇంటి బంగారం ఆ ఇంటి గడప తొక్కదన్న, ఊరందరి ముందల. అన్నదే మాట. ఇప్పుడు మనవరాలు పుట్టింది. పోతున్నం. చూసుడు వేరే, పెట్టుడు వేరే.” నా యాస పట్టినట్టుంది, “మీది యాడ?” అన్నాడు.

“భీమవరం దగ్గర.”

“అందరు గట్ల ఉంటరని కాదమ్మా,” అన్నాడు, చాలా మర్యాదగా.

“ఏమీ తీసుకెళ్లడం లేదా మరి?”

“తొక్కు. మామిడికాయ తొక్కు ఒక్కటే. బిడ్డకు గదంటే పాణం. ఆటోల గుంతలని డబ్బ నేనే ఒళ్ల పెట్టుకొని తెచ్చిన.”

నేను ఎర్ర సంచి అందుకున్నాను. ప్రయాణం కోసం కొత్తగా కొన్నది. లోపల రెండు చీరలు, మందుల డబ్బా, అరటిపండ్లు. ముందు జేబు జిప్పును వెలుతురులోకి తిప్పాను. జిప్పు కొక్కేన్నీ పక్కన ఉన్న గుడ్డ రింగునీ కలిపి షాపువాళ్లు బిగించిన సన్నటి ప్లాస్టిక్ తాడు అలాగే ఉంది. ధర చీటీ కూడా దానికే వేలాడుతోంది. ఆ తాడు కత్తిరించకుండా జిప్పు వేలెడు కూడా తెరుచుకోదు.

ఉదయభాస్కర్ గుమ్మంలోకి వచ్చాడు. “11:25 టీచర్.”

అతన్ని బయటికి తీసుకెళ్లి సంచి చేతికిచ్చాను. జిప్పు లాగాడు. రాలేదు. కళ్లద్దాలు తీసి లాగాడు. అప్పుడూ రాలేదు.

“ఈ జేబు పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ తెరవలేదు. ప్రేమలత కూడా,” అన్నాను.

“అయితే ముసలామె ఇంకెక్కడనో పెట్టి మర్చిపోయింది. ప్రేమలత అక్కడ్నించి తీసింది.”

“మర్చిపోయినవాళ్లు ‘ఎక్కడ పెట్టానో’ అని తల పట్టుకుంటారు. ఆమె ఠక్కున చెప్పింది. అబద్ధానికే ఆ తొందర ఉంటుంది.”

“సొమ్ము పోయినామె అబద్ధమెందుకు చెప్తది?”

“తొమ్మిదో తరగతిలో హైడ్ అనే మాట చెప్పాను. గుర్తుందా?”

“హైడ్ అంటే దాచుడు,” అన్నాడు విసుగ్గా.

“అది అర్థం. వాడుక వేరే చెప్పాను. బోర్డు మీద రెండు ఖాళీలు పెట్టాను. ఏం దాచారు, ఎవరి నుంచి దాచారు. మొదటిది అందరూ ఇట్టే నింపారు. రెండోది నలభై మందిలో దాదాపు అందరూ ‘దొంగ నుంచి’ అని రాశారు. ఒక్క పిల్ల ‘మా అమ్మ నుంచి’ అని రాసింది. దానికి పదికి పది వేశాను. లోకంలో జనం దొంగల నుంచి దాచేది తక్కువ నాయనా. ఇంట్లోవాళ్ల నుంచి దాచేదే ఎక్కువ.”

“నేనేం రాసిన?”

“‘పోలీసుల నుంచి.’ నాకు అప్పుడే భయమేసింది.”

అతని మూతి వంకర పోయింది, నవ్వో కోపమో తెలియలేదు. “పన్నెండు అంటే పన్నెండే టీచర్,” అని వెళ్లిపోయాడు. వాడి మొండితనం బడి రోజులదే, ఏం మారలేదు.

నేను కుర్మయ్యను బతిమాలాను. “బాపూ, తలనొప్పిగా ఉంది. ఎదురుగా బండి దగ్గర నాలుగు టీలు చెప్పించి తెస్తారా?” ఆయన అనుమానంగానే వెళ్లాడు. తలుపు దగ్గరికి వేసి తారాబాయి పక్కన కూర్చున్నాను.

“ఆ చెయ్యి ఒకసారి చూపించక్కా.”

చాలాసేపటికి కొంగులోంచి చెయ్యి బయటికొచ్చింది. కడిగిన చెయ్యే. గోళ్ల సందుల్లో మాత్రం ఎర్రటి నూనె.

“పొద్దున ఉప్మాలోకి తొక్కు వేసుకున్నారా?”

“లేదు.” తల వంచుకుంది. తర్వాత కట్ట తెగినట్టు మాటలు వచ్చాయి. “డబ్బల పెట్టిన అమ్మా. కవర్ల చుట్టి, తొక్కు నడుమ పెట్టిన. బిడ్డ చేతిల డబ్బ పెడితే అయిపాయె, ఈయనకు తెల్వది. పొద్దుగాల తూకం కాడికెంచి డబ్బ తెచ్చుకున్నంక ఈయన తానానికి పోయిండు. ఉన్నదో లేదోనని చెయ్యి పెట్టి చూసిన. లేదు. కలియదిప్పి చూసిన. లేదు. పాణం ఆగక మొత్తుకున్న. అందరు ఉరికొచ్చి యాడ పెట్టినవంటే, నోటికొచ్చింది చెప్పిన.”

“డబ్బా మీతోపాటే వరండాలో ఉంది కాబట్టి ప్రేమలత తీయలేదని మీకు తెలుసు.”

“తెలుసు. ఆ పిల్ల ముఖం చూడలేకపోతున్న. కానీ తొక్కుల పెట్టిన్నంటే, బిడ్డకేనని ఈయనకు తెల్వదా? ఇక్కడికెంచే ఊరికి వాపస్ పోతడు. మూడేండ్ల సంది నా బిడ్డ ముఖం చూడలె అమ్మా. మనవరాలు పుట్టి ఐదు నెలలాయె.”

ఆమెను మందలిద్దామనుకున్నదాన్ని ఊరుకున్నాను. తప్పే. ప్రేమలత బయట నిలబడి ఉండగా ఈమె నోరు మూసుకోవడం పెద్ద తప్పు. అయినా ఆ గోళ్లు చూస్తే నాకు జాలే కలిగింది.

“డబ్బా ఏదీ?”

మంచం కింద నుంచి లాగింది. రెండు కిలోల ప్లాస్టిక్ డబ్బా, చుట్టూ కవరు, దాని మీద చింపేసిన గోధుమరంగు టేపు. మూత తీసి, చెంచాతో అడుగుదాకా వెతికాను. ముక్కలు తప్ప ఏమీ లేవు. చెంచా కడగడం దండగని నాకాను.

ఘాటు సూటిగా ముక్కుకెక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై ఏళ్లుగా ప్రతి వేసవిలో నేను కలుపుతున్న ఘాటే అది.

“అక్కా, మీ తొక్కులో ఆవపిండి కలుపుతారా?”

“ఆవపిండా? గదేంది? మేము అల్లం ఎల్లిపాయ ముద్ద ఏస్తం. మెంతుల పొడి ఏస్తం.”

“ఒకసారి ఇది నాలుక మీద పెట్టుకోండి.”

పెట్టుకుంది. కళ్లు చికిలించింది. “ఇది నాది గాదు,” అంది నెమ్మదిగా. గుండ్ల కోసం మణికట్టుదాకా చెయ్యి ముంచిన మనిషి, కంగారులో వాసన కూడా చూడలేదు.

“మీది కాదు. ఇది మావైపు ఆవకాయ.”

మేనేజరు నవీన్‌కుమార్ దగ్గరికి పరిగెత్తాను. అప్పటికి 11:45. ఆ లాడ్జి వరండాలో ప్రయాణికుల కోసం ఒక తూకం యంత్రం ఉంటుంది. పచ్చడి డబ్బా కనిపిస్తే నూనె కారకుండా కవరు తొడిగి, నాలుగు చుట్లు టేపు వేసి ఇవ్వడం నవీన్‌కుమార్‌కు అలవాటు. ఉచిత సేవ. చుట్టాక అన్ని డబ్బాలూ ఒక్కలాగే ఉంటాయి.

“పొద్దున తూకం దగ్గర ఇంకెవరున్నారు?”

“105ల ఉన్న సారు, మేడం. వీరరాఘవులు గారు. పొద్దుగాల ఐదింటికి భీమవరం బస్సు దిగి వచ్చిండు, ఢిల్లీ ఫ్లైటు. ఆయనది కూడా పచ్చడి డబ్బనే. రెండు ఒక్కసారే చుట్టి బల్ల మీద పెట్టిన.”

కెమెరాలో చూశాం. 9:21కి బల్ల మీద రెండు గోధుమరంగు మూటలు, కవల పిల్లల్లా. 9:24కి పంచె కట్టుకున్న పెద్దాయన ఒకటి తీసుకున్నాడు. 9:29కి కుర్మయ్య రెండోది ఎత్తి గుండెకు ఆనించుకుని వెళ్లాడు. ఉదయభాస్కర్ నా భుజం మీదుగా చూస్తున్నాడు. అతని ఫోనులో ప్రేమలత ఫోటో, దాని కింద ‘జాగ్రత్త’ అన్న మాట తయారుగా ఉన్నాయి.

“ఇదంతా ఊహ టీచర్. ఆ డబ్బల బంగారం ఉన్నదని రుజువేంది? 11:54.”

రిజిస్టరులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఐదోసారి మోగాక ఎత్తారు.

“వీరరాఘవులు గారా అండీ?”

“ఆఁ, నేనేనండీ. తమరెవరో తరవాత మాట్లాడతానండీ. పెద్ద చిక్కులో ఉన్నాను.”

“మీ ఆవకాయ డబ్బా గురించి...”

“ఆ డబ్బా సంగతి తమరికెలా తెలుసండీ? పెట్టె కిలోన్నర ఎక్కువ తూగిందని చేతిసంచిలో పెట్టుకున్నానండీ. ఇక్కడ ఎయిర్‌పోర్టు తనిఖీలో పచ్చడి పైకి తీసుకెళ్లకూడదన్నారు. సరే, పారేయండి అన్నాను. మిషన్లో చూసి, ఇందులో ఏం దాచారు అన్నారు. ముక్కలండీ అన్నాను. విప్పి చూస్తే బంగారమండీ. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో మా ఆవిడ ఆవకాయలో బంగారం వేయలేదండీ.”

ఉదయభాస్కర్ ఫోను నెమ్మదిగా జేబులోకి వెళ్లింది. గోడవార ప్రేమలత అలాగే కిందికి జారి కూర్చుంది.

ఫోను ఒక ఆడ ఆఫీసరు తీసుకుంది. మర్యాదగానే మాట్లాడింది. సొమ్ము ఎవరిదో వాళ్ల నోటితో చెప్పాలి, ఎందుకు అలా దాచారో చెప్పాలి, వచ్చి ఆనవాలు చూపించాలి. అప్పటిదాకా పెద్దాయనను పంపలేము. ఆయన విమానం ఒంటిగంటా పదికి.

ఒక అమాయకురాలిని గోడ దగ్గర నుంచి తప్పించి, ఇంకో అమాయకుణ్ణి అక్కడ నిలబెట్టానన్నమాట. తారాబాయి నా పక్కనే ఉంది. సరిగ్గా అప్పుడే నాలుగు టీ గ్లాసులు పట్టుకుని కుర్మయ్య హాల్లోకి వచ్చాడు.

ఆమె భర్త వైపు చూసింది. ప్రేమలత వైపు చూసింది. తర్వాత ఫోను మీదికి వంగి, దూరంగా ఉన్నవాళ్లను పిలిచినట్టు గట్టిగా చెప్పింది.

“అది నాది అమ్మా. మా అవ్వ ఇచ్చిన గుండ్లు. పదకొండు గుండ్లు, నడుమ ఎర్ర పూస. నా బిడ్డకు ఇద్దామని తొక్కుల దాచిన.”

“ఎవరికి తెలియకుండా?” అని ఆఫీసరు అడిగింది.

“మా ఆయనకు.”

కుర్మయ్య గ్లాసులతో హాలు మధ్యలోనే ఆగిపోయాడు.

“గుండ్లు సరే,” అంది ఆఫీసరు. “ఎన్ని మూటలు పెట్టారమ్మా?”

“ఒక్కటే.”

“ఇక్కడ రెండున్నాయి.”

తారాబాయి అయోమయంగా తల అడ్డంగా ఊపింది. “ఒక్కటే అమ్మా. ఇంకోటి నాకు తెల్వది. ఒట్టు.”

ఉదయభాస్కర్ కళ్లద్దాలు మళ్లీ ఎక్కాయి. “చూసిన్రా టీచర్? ఇది పల్లెటూరి లెక్క కాదు. ఈళ్ల డబ్బను ఎవడో వాడుకుంటున్నడు. నేను ముందే అన్న, ఇది పెద్ద కేసని.” అతను అలా ఎప్పుడూ అనలేదు. కానీ ఆ క్షణంలో కాదనే ధైర్యం నాకూ లేదు. ఎయిర్‌పోర్టు పక్కన, ఎవరిదో తెలియని బంగారం, ఎవరికీ సంబంధం లేని డబ్బాలో. ఇలాంటివి ఎక్కడికి పోతాయో నాకు తెలుసు.

“రెండోది ఎలా ఉంది మేడం?” అని అడిగాను.

“నీలం కవరు, రబ్బరు బ్యాండు. డబ్బా అడుగున ఉంది. విప్పుతున్నాం.” కవరు గలగల వినిపించింది. “కడియాలు. రెండు. చాలా చిన్నవి. పసిపిల్ల చేతివి.”

నాకప్పుడు వెలిగింది, కాస్త ఆలస్యంగా. ఊరి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన డబ్బా. గుండెకు ఆనించుకుని మోసిన డబ్బా. తెల్ల తువ్వాలు కొసన ఎర్రమరక. అన్నీ నా కళ్లముందే ఉన్నాయి, నేనే చూసి వదిలేశాను. నలభై మందికి పాఠం చెప్పిన మనిషిని, రెండో ఖాళీలో ఒక్క పేరే పడుతుందనుకున్నాను.

కుర్మయ్య గ్లాసులు బల్ల మీద పెట్టాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఫోను దగ్గరికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

“అడుగున పెట్టింది నేనే అమ్మా. నిన్న పొద్దుగాల ఈమె బర్రెల కాడికి పోయినప్పుడు పెట్టిన. కంసలాయనతోటి చేయించి నెల దాటింది.”

“మీరెవరి నుంచి దాచారు?” అంది ఆఫీసరు. ఆమె గొంతులో నవ్వు దాగడం లేదు.

ఉదయభాస్కర్ అప్పటికే మమ్మల్ని ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లడానికి జీపు తాళాలు తీసి, ప్రేమలత ముందు నిలబడి, ఫోటో చెరిపేసిన ఫోనును ఆమెకు చూపిస్తున్నాడు. తారాబాయి మాత్రం కదల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుడినే చూస్తోంది.

“చెప్పుండ్రి,” అంది. “ఎవల నుంచి?”

“నీ నుంచే,” అన్నాడు కుర్మయ్య. “ఊరందరి ముందల బంగారం పెట్టనన్నప్పుడు, పక్కపొంటి నువ్వే గద ఉన్నది.”